మంట వేరు, జివ్వుమనడం వేరు: 14 ఏళ్ల అమ్మాయి కాలి నొప్పి, ఒక పెయిన్ క్లినిక్ కేసు

ఈ కేసు రాయడానికి అమ్మాయీ, ఆమె తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు. ఎవరో గుర్తుపట్టేలా ఉన్న వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి అలాగే ఉంచాను, నేను చేసిన పొరపాటుతో సహా.

నేను అనస్థీషియా చదివి పెయిన్ మెడిసిన్‌లోకి వచ్చినవాణ్ని. వరంగల్‌లో చిన్న క్లినిక్. నడుము పట్టేసినవాళ్లు, షుగర్‌తో అరికాళ్లు మండేవాళ్లు, సర్పి తగ్గినా నొప్పి మిగిలిపోయినవాళ్లు, ఎక్కువగా వీళ్లే వస్తారు. పిల్లలు అరుదు. అందుకే కాబోలు, ఈ అమ్మాయి వచ్చిన రోజు బాగా గుర్తుంది.

వచ్చిన రోజు

మార్చి రెండో వారం. ఫ్యాన్ కింద కుర్చీ ఖాళీగా ఉన్నా అందులో కూర్చోకుండా, మూలన గోడకు ఆనుకుని ఎడమ కాలి మీద నిలబడింది. కుడి కాలికి చెప్పు లేదు. ఆ చెప్పు తల్లి చేతిసంచిలో ఉంది. నాలుగు నెలలుగా ఎక్కడికి వెళ్లినా వెంట తెస్తోందట, ఎప్పుడైనా వేసుకుంటుందేమోనని. ఫ్యాన్ కింద ఎందుకు కూర్చోలేదని అడిగితే, "గాలి తాకితే మండుతది సార్" అంది.

తొమ్మిదో తరగతి. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. స్కూలు ఖోఖో జట్టులో బాగా పరిగెత్తే పిల్ల. నవంబరులో ప్రాక్టీసులో పోల్ దగ్గర మలుపు తిరగబోయి కుడి పాదం లోపలికి మడతపడింది. చీలమండ వాచింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, మాత్రలిచ్చి పంపారు. ఇంతవరకు రోజూ ఎక్కడో ఒకచోట జరిగేదే.

మూడో రోజు నాయనమ్మ పట్టుబట్టి పక్క ఊళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. గుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు, పైన బిగించి గుడ్డ. రెండు వారాలు ఉంచారు. మొదటి రాత్రే కాలు మొద్దుబారిందని అమ్మాయి చెబితే, కట్టు పనిచేస్తోందన్నారు. విప్పేసరికి కాలు సన్నబడి, చల్లబడి, ముట్టుకుంటే అరిచేలా ఉంది. నాటు కట్టు కట్టినవాళ్లందరినీ తిట్టడం నా ఉద్దేశం కాదు. మా వైపు సగం ఇళ్లలో ఎవరో ఒకరికి దానితో కుదిరిన చెయ్యో కాలో ఉంటుంది. కానీ కట్టు కింద తిమ్మిరి ఎక్కితే వెంటనే విప్పాలి. ఆ నియమం ఆస్పత్రిలో వేసే పిండికట్టుకూ అంతే.

అక్కడినుంచి నాలుగు నెలల్లో నలుగురు డాక్టర్లు. ఎమ్మారైలో చీలమండ బయటివైపు లిగమెంటు కొద్దిగా సాగినట్టు కనిపించింది. దానికి మూడు వారాలు పిండికట్టు వేశారు. అది విప్పాక మంట మోకాలి కిందివరకు పాకింది. ఒకచోట విటమిన్ డి తక్కువన్నారు. ఒకచోట ఐసు పెట్టమన్నారు. ఐసు పెట్టిన ప్రతిసారీ ఏడ్చేదని తల్లి చెప్పింది. ఫిబ్రవరిలో నరాల పరీక్ష చేయించి "అంతా నార్మల్" అన్నారు. నార్మల్ అనే మాట ఆ ఇంటికి చేసినంత చెరుపు ఇంకేదీ చేయలేదు. పరీక్ష నార్మల్ అయితే పిల్ల నటిస్తోందన్నమాట! హాస్టల్ తప్పించుకోవడానికి అని వార్డెన్, పరీక్షల టెన్షన్ అని ఒక డాక్టర్, గాలి సోకిందని నాయనమ్మ. మెడలో తాయెత్తు కూడా ఉంది.

ప్లాస్టిక్ కవరు నిండా రిపోర్టులు టేబుల్ మీద పోశారు. తెరవకుండా పక్కన పెట్టి అమ్మాయినే అడిగాను.

"నొప్పి ఎట్లుంటది బిడ్డా?"

"నొప్పి కాదు సార్, మంట."

"ఎట్లాంటి మంట?"

"మా అమ్మ మిరపకాయలు ఏరి వచ్చినంక చేతులు మండుతయి కదా, అట్ల."

తల్లి తలెత్తి చూసింది. ఆ నెలలో ఆమె రోజూ మిరప చేలో కూలికి పోతోంది. కడిగినకొద్దీ ఎక్కువయ్యే ఆ మంట ఏమిటో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. నాలుగు నెలల తర్వాత కూతురి కాలు ఎలా ఉందో ఆమెకు మొదటిసారి అర్థమైంది అప్పుడేనని నేననుకుంటున్నాను.

అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. పిక్క పక్కన, బయటివైపు వేలితో చూపించి, "ఈడ మాత్రం అప్పుడప్పుడు జివ్వున గుంజుతది" అంది. విన్నాను. రాసుకోలేదు.

మన దగ్గర ఉన్న మాటలు

తెలుగులో శరీర బాధకు ఎన్ని పేర్లో! నొప్పి, పోటు, సలుపు, తీపు, మంట, తిమ్మిరి, గుంజుడు, పొడిచినట్టు, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు, జివ్వుమనడం. చదువు లేని ముసలమ్మ కూడా వీటిని కలిపేయదు. సలుపు అంటే చీము పట్టిన వేలు. తీపు అంటే రోజంతా నాట్లు వేసిన నడుము. మంట, తిమ్మిరి, కరెంటు, చీమలు అన్నారంటే నరం వైపు చూడాలి. నరం నొప్పిని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎన్4 అనే 10 అంశాల ప్రశ్నావళిలో ఉన్నవి చాలావరకు ఇవే మాటలు: మంట, బాధపెట్టే చల్లదనం, కరెంటు షాకు, చీమలు, సూదులు, మొద్దుబారడం, దురద.

ఆ కవర్లోని నాలుగు కేసు షీట్లలోనూ ఉన్నది ఒకటే ముక్క, ఇంగ్లీషులో: కుడి చీలమండ నొప్పి. మంట అని చెప్పిన పిల్ల మాట డాక్టరు పెన్ను దాకా వచ్చేసరికి నొప్పి అయిపోయింది. నొప్పి అయింది కాబట్టి లిగమెంటు వెతికారు.

మిరపకాయ పోలిక ఊరికే వచ్చిన పోలిక కూడా కాదు. మిరపలోని కాప్సైసిన్ చర్మాన్ని కాల్చదు. సుమారు 43 డిగ్రీల వేడికి స్పందించే సన్న నరాల కొసల్లోని ఒక గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఏ వేడీ లేకుండానే చేతులు కాలుతున్నట్టు అనిపించడం తల్లికి మిరపతో జరుగుతోంది. ఆ సన్న నరాలే బయటి కారణమేమీ లేకుండా మంటను మోస్తే కూతురికి జరిగింది.

పాదాలు పక్కపక్కన

రెండు పాదాలూ పక్కపక్కన పెట్టించి చూశాను. కుడిది నీలం కలిసిన ఎరుపు, వాపు, వేళ్ల సందుల్లో చెమట. ఎడమది పొడిగా, మామూలు రంగులో ఉంది. తాకకుండా కొలిచే థర్మామీటరుతో కుడి మీగాలు 2.4 డిగ్రీల సెల్సియస్ తక్కువ చూపింది. గోళ్లు పెరిగి, మందంగా, గీతలు పడి ఉన్నాయి. కత్తిరించనివ్వలేదట. దూది పోగుతో ముట్టుకుంటే కాలు లాగేసుకుంది. దూది తగిలినా బాధ పుట్టడాన్ని మేం అలోడీనియా అంటాం. దాని హద్దులు బాల్‌పెన్నుతో గీస్తే, సాక్స్ తొడిగినంత మేర వచ్చింది. పాదం పైకి ఎత్తమంటే సగమే ఎత్తగలిగింది.

మిగతా అనుమానాలు తీర్చుకోవాలి. పాదం నాడి బాగా అందింది, రక్తనాళాల సమస్య కాదు. జ్వరం లేదు. రక్తపరీక్షల్లో ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ మామూలే, ఎముకకు చీము పట్టే జబ్బు కాదు. షుగర్, బీ12, థైరాయిడ్ బాగున్నాయి. రాత్రిళ్లే పెరిగి, మాత్రతో మాయమయ్యే నొప్పి పిల్లల్లో ఎముకలోని చిన్న గడ్డకు గుర్తు. ఇది పగలూ రాత్రీ ఉంది, ఎమ్మారైలో గడ్డ ఏమీ లేదు. మోకాలి కింద బయటివైపు ఎముక మెడను చుట్టుకుని వచ్చే నరాన్ని వేలితో తడిమాను. కుష్ఠు ఉంటే అది తాడులా లావెక్కుతుంది. దేశస్థాయిలో కుష్ఠు 2005 చివరికి నిర్మూలన స్థాయికి వచ్చిందని ప్రకటించారు కానీ కొత్త కేసులు రావడం ఆగలేదు. మన ప్రాంతంలో నరం నొప్పి అంటే ఆ తడమడం మానకూడదు. నరం మామూలుగానే ఉంది, స్పర్శ తెలియని మచ్చలు లేవు.

దెబ్బ మానినా తగ్గని ఇలాంటి నొప్పి జబ్బును గుర్తించే బుడాపెస్ట్ ప్రమాణాలతో సరిచూశాను. 2003లో ఆ ఊళ్లో జరిగిన సమావేశంలో రూపుదిద్దుకున్నాయి కాబట్టి ఆ పేరు. దెబ్బకు మించిన నొప్పి కొనసాగుతూ ఉండాలి. స్పర్శ, రంగు లేదా వేడి, వాపు లేదా చెమట, కదలిక లేదా గోళ్లు, వెంట్రుకలు, చర్మం అనే నాలుగు వర్గాల్లో కనీసం మూడింటిలో రోగి చెప్పే లక్షణం ఒక్కోటైనా ఉండాలి. కనీసం రెండింటిలో డాక్టరు కంటికి కనబడే గుర్తు ఉండాలి. ఇంకే జబ్బూ దీన్ని అంతకంటే బాగా వివరించకూడదు. ఈ అమ్మాయికి నాలుగుకు నాలుగూ ఉన్నాయి. ప్రమాణాలు పెద్దవాళ్ల కోసం తయారైనవి, పిల్లలకు వాడేటప్పుడు ఆ సంగతి మనసులో ఉండాలి. పిల్లల్లో ఈ జబ్బు ఆడపిల్లల్లో ఎక్కువ, చేతికన్నా కాలికి ఎక్కువ, పెద్దల్లోలా మొదట వేడెక్కకుండా ఆరంభంనుంచే చల్లగా ఉండటం కూడా ఎక్కువే.

కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్. పొట్టిగా సీఆర్‌పీఎస్. పేరు 1994 నుంచి ఇది. జబ్బు పాతదే. 1860లలో అమెరికా అంతర్యుద్ధంలో గాయపడ్డ సైనికులను చూసిన వైర్ మిచెల్ అనే డాక్టరు, తూటా నరాన్ని తాకినవాళ్లు తడిగుడ్డ చుట్టుకుని, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా పడి ఉండటం గమనించి రాశాడు. దానికి గ్రీకులోంచి తీసి ఆయన వాడిన పేరు కాజాల్జియా. అర్థం చూస్తే మంటనొప్పి. మనకు కొత్త మాట అక్కర్లేకపోయింది.

నరానికి ఫలానా గాయం ఉందని తేలకపోతే మొదటి రకం, తేలితే రెండో రకం. నరాల పరీక్ష నార్మల్ అని రిపోర్టు ఉంది కదా. మొదటి రకం అని రాసేశాను.

స్టార్టర్

తండ్రి అడిగాడు, "మరి దెబ్బ తగ్గినంక మంటెందుకు సార్?"

పొలంలో మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టారా అని అడిగాను. ఉందన్నాడు. కరెంటు వస్తే మనం లేకపోయినా మోటారు దానంతట అదే నడుస్తుంది కదా. దెబ్బ తగిలినప్పుడు నొప్పి అనే మోటారు నడవాలి, అది మంచిదే, కాలు కదపకుండా ఆపుతుంది. దెబ్బ మానాక స్టార్టర్ ఆఫ్ కావాలి. ఈ పిల్లకు అది ఆన్‌లోనే ఉండిపోయింది. దూది తాకినా, గాలి తగిలినా నడుస్తోంది. "అంటే మోటారు కాలిపోలేదు" అన్నాడు. లేదన్నాను. "నటిస్తలేదు కూడా" అన్నాడు, ఈసారి భార్య వైపు తిరిగి.

ఆ పోలిక పూర్తిగా సరైంది కాదు. వెన్నుపాము, మెదడు, రక్తనాళాలను నడిపే నరాలు, వాపు రసాయనాలు అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ ఆ రోజుకు అది చాలింది.

చికిత్సలో ముఖ్యం మందు కాదు, కాలిని మళ్లీ వాడించడం. రాత్రిపూట తక్కువ మోతాదులో గాబాపెంటిన్ అనే నరాల నొప్పి మందు మొదలుపెట్టాను, నిద్ర కోసం, ఫిజియోథెరపీ తట్టుకోవడం కోసం. మత్తుగా ఉంటుందని, ఉన్నట్టుండి ఆపకూడదని చెప్పాను. ఐసు మాన్పించాను. మా ఫిజియోథెరపిస్టు మేడమ్ రోజుకు నాలుగుసార్లు, ఐదేసి నిమిషాలు చేసే పని ఇచ్చింది: మొదట అమ్మ పాత నూలు చీర కొంగు, అది ఓర్చుకున్నాక టవలు, తర్వాత పళ్లెంలో బియ్యం, ఆ తర్వాత వడ్లు, చివరికి ఇసుక. కాళ్ల మధ్య అద్దం నిలబెట్టి, ఎడమ కాలి ప్రతిబింబాన్ని చూస్తూ రెండు పాదాలూ కదపడం. ముట్టుకోవడానికీ భయపడే కాలికి అద్దం మంచి దగ్గరి దారి. బకెట్లో గోరువెచ్చని నీళ్లు. రోజూ కాలు మోపి లెక్కపెట్టిన అడుగులు: మొదటి రోజు 12.

కౌన్సెలర్‌ను కూడా కలవమన్నాను. నొప్పి మనసులో పుట్టిందని కాదు, నాలుగు నెలలు ఎవరూ నమ్మని పిల్లకు మాట్లాడుకోవడానికి ఒకరు కావాలని. ఆ ముక్క ముందే చెప్పకపోతే తల్లిదండ్రులు "చూశారా, మేం అన్నట్టే" అంటారు. స్కూలుకు ఉత్తరం రాసిచ్చాను: బూట్లు వద్దు, చెప్పులతో రానివ్వండి, కింది అంతస్తు గది ఇవ్వండి, కానీ ఇంటికి పంపకండి.

రిపోర్టులో లేని నరం

ఆరు వారాల్లో మార్పు బాగా కనబడింది. మే మొదటి వారానికి 300 అడుగులు. రంగు దాదాపు కలిసింది. వేడిలో తేడా 0.9 డిగ్రీలకు దిగింది. మంట 10కి 8 నుంచి 4కు వచ్చింది. నాకు సంతోషంగా ఉంది, అమ్మాయి ముఖంలో మాత్రం లేదు.

"వడ్లు, ఇసుక అన్నీ అయితున్నయి సార్. పైన ముట్టుకుంటే మాత్రం అట్లనే ఉంది."

మళ్లీ దూది తీసుకుని, మళ్లీ పెన్నుతో గీశాను. ఈసారి సాక్స్ ఆకారం లేదు. అరికాలు మామూలే. మడమ మామూలే. చిటికెన వేలి వైపు అంచు మామూలే. బొటనవేలికీ దాని పక్క వేలికీ మధ్య సందు కూడా మామూలే. మిగిలింది మీగాలు మధ్యభాగం, అక్కడినుంచి చీలమండ ముందుగా పైకి పిక్క బయటివైపుకు ఒక పట్టీ. అనాటమీ గుర్తున్నవాళ్లకు ఆ బొమ్మ చూడగానే తెలుస్తుంది. వేళ్ల మధ్య సందులో స్పర్శ లోతు పెరోనియల్ నరానిది, బయటి అంచులో స్పర్శ సూరల్ నరానిది. ఆ రెండింటినీ వదిలేసి మీగాలంతా ఆక్రమించేది పై పెరోనియల్ నరం. వరద తీశాక గట్టు బయటపడ్డట్టు, వ్యాపించిన మంట తగ్గాక అసలు నరం గీత బయటపడింది.

చీలమండ బయటి ఎముకకు పైన 10 నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర ఆ నరం కండరాల పొరను చీల్చుకుని చర్మం కిందికి వస్తుంది. పాదం లోపలికి మడతపడితే అక్కడ అది సాగుతుంది. అక్కడ వేలితో కొట్టాను. కరెంటు కొట్టినట్టు మీగాలి మీదికి పాకిందంది. తర్వాత మొదటి రోజు చూపించిన చోటునే చూపించింది, "ఈడనే సార్, నేను చెప్పిన."

ఆ సాయంత్రం రిపోర్టుల కవరు మళ్లీ తెరిచి, నరాల పరీక్ష రిపోర్టు చివరి వాక్యం కాకుండా పట్టిక చదివాను. పరీక్షించిన నరాలు మూడు: టిబియల్, లోతు పెరోనియల్ కండరాల శాఖ, సూరల్. పై పెరోనియల్ ఆ పట్టికలోనే లేదు. చూసిన నరాలు నార్మల్‌గా ఉన్నాయన్న మాట నిజమే. చూడాల్సింది చూడలేదు. దానికి తోడు ఆ పరీక్ష లావుపాటి, వేగంగా పరిగెత్తే నరపోగులనే కొలుస్తుంది. మంటను మోసే సన్న పోగులు దానికి కనబడవు. ఈ సంగతి ఇతరులకు క్లాసుల్లో చెప్పిన నేనే, మార్చిలో "నార్మల్" అన్న ఒక్క మాట చూసి పేజీ తిప్పేశాను.

మళ్లీ చేయించాం, ఈసారి చూడాల్సిన నరం పేరు రాసిచ్చి, రెండు కాళ్లకూ. కుడివైపు స్పందన ఎడమదానిలో సగంకన్నా తక్కువ వచ్చింది. అల్ట్రాసౌండ్‌లో నరం పొర దాటే చోట ఉబ్బి కనిపించింది. కాలు మడతపడినప్పుడు సాగిందో, కట్టు కింద నలిగిందో, రెండూనో ఇప్పుడు తేల్చలేం. ఒకరి మీద నేరం మోపాలని తండ్రికి ఉంది, నాకూ కొంత ఉంది, కానీ ఆధారం అంతదూరం రాదు.

నిర్ధారణకు ఇంకో మెట్టు: అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆ నరం పక్కన 1 మిల్లీలీటరు లిడోకైన్ అనే మత్తుమందు. ఐదు నిమిషాల్లో మంట 6 నుంచి 1కి దిగింది. అమ్మాయి మెల్లగా లేచి, మీగాలిని అరచేత్తో రుద్దుకుంది. ముందుకీ వెనక్కీ, చాలాసేపు. తల్లి సంచిలోంచి చెప్పు తీసి కింద పెట్టింది. మత్తు దిగాక మళ్లీ వస్తుందని ముందే చెప్పాను. గంటన్నరకు వచ్చింది. కానీ ఆ గంటన్నర ఆ ఇంటికి ఏ రిపోర్టూ ఇవ్వనిది ఇచ్చింది.

కేసు షీటులో మొదటి రకం కొట్టేసి రెండో రకం అని రాశాను.

తర్వాత

మే నెలాఖరున ఒకసారి, జూలైలో ఒకసారి అదే చోట మత్తుమందుతో కొద్దిగా స్టీరాయిడ్ కలిపి ఇచ్చాం. నరం పొరలో సాఫీగా జారేలా చేసే వ్యాయామాలు జోడించాం. పొరను కోసి నరాన్ని వదులు చేసే ఆపరేషన్ గురించి ప్లాస్టిక్ సర్జన్‌తో మాట్లాడాను. సీఆర్‌పీఎస్ ఉన్న కాలికి కత్తి పెడితే మంట మళ్లీ ఎగసే ప్రమాదం ఉంది కాబట్టి ఆగుదామన్నాడు. ఆగాం. ఇంజెక్షన్‌తో ఎంత తగ్గింది, పొలం గట్ల మీద రోజూ నడవడంతో ఎంత తగ్గింది అని ఎవరైనా అడిగితే విడదీసి చెప్పలేను. ఒక్క కేసుతో అది తెలియదు.

సెప్టెంబరులో గాబాపెంటిన్ మెల్లగా తగ్గించి ఆపేశాం. డిసెంబరు చలికి పాదం మళ్లీ నీలంగా మారి అందరం కంగారుపడ్డాం. సాక్స్‌తో, గోరువెచ్చని నీళ్లతో పది రోజుల్లో సర్దుకుంది. అవును, సాక్స్‌తోనే.

చివరిసారి ఫిబ్రవరిలో వచ్చింది, పదో తరగతి పరీక్షలకు నెల ముందు. మంట 10కి 1, కొన్ని రోజులు సున్నా. వేడిలో తేడా 0.4. మీగాలి మధ్యలో రూపాయి బిళ్లంత చోట స్పర్శ ఇంకా మందమే. పిక్క పక్కన కొడితే జివ్వుమంటుంది, కానీ పాదం దాకా పాకదు. నాయనమ్మ తాయెత్తు అలాగే ఉంది. దాన్ని తీయమని నేను ఎన్నడూ అనలేదు.

ఖోఖో ఆడొచ్చా అని అడిగింది. పోల్ నుంచి పోల్‌కు నేరుగా పరిగెత్తు, మలుపులూ డైవులూ పరీక్షలయ్యాక చూద్దాం అన్నాను. తలూపింది. బయటికి వెళ్లాక కిటికీలోంచి చూశాను. ఆటో కోసం వీధి దాటుతూ ఆ చివర కరెంటు స్తంభాన్ని చేత్తో పట్టుకుని ఒక్క చుట్టు తిరిగి, వెనక్కి తిరిగి నా కిటికీ వైపు చూసింది.